పార్శిల్ మీద చిరునామా

పదకొండు మంది ఒక వరసలో ఉన్నారు, దేదీప్య ఒక్కత్తీ ఇంకో వరసలో ఉంది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, అచ్చం అలా ఉంది వ్యవహారం. కాకపోతే ఈ ఉలిపికట్టె తనంతట తాను వేరే దారి పట్టలేదు పాపం. మూడేళ్ళప్పుడు అమ్మ చంకనెక్కి గుంటూరు నుంచి నార్త్ కరొలైనా వచ్చింది. పదిహేడేళ్ళుగా మోరిస్‌విల్‌లోనే పెరిగింది. తెలుగు మాట్లాడితే అమెరికా యాస, ఇంగ్లీషు మాట్లాడితే ఏ యాసా లేదు. అయినా పాస్‌పోర్టు మాత్రం ఇండియాది. అమెరికా పాస్‌పోర్టూ నీలమే, ఇండియా పాస్‌పోర్టూ నీలమే, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు. దగ్గర నుంచి చూసే మనిషి వైపే ఇప్పుడు ఆ వరస కదులుతోంది.

అవతలి వరసలోంచి ప్రణవి చెయ్యి ఊపింది. దేదీప్యకి కాలేజీలో రూమ్మేటు, రాలీ ఆస్పత్రిలో పుట్టిన తెలుగుపిల్ల. "అటు సైడ్ వెయిట్ చేస్తాం, ఓకేనా? టూ మినిట్స్ పడుతుంది అంతే," అంది. ప్రణవికి నిజంగానే రెండు నిమిషాలు పట్టింది.

వీళ్ళంతా కాలేజీ తరఫున వేసవి ప్రోగ్రాముకి మెక్సికో వెళ్ళి వస్తున్నారు. యుకతాన్‌లో వయదోలిద్ అనే ఊళ్ళో నాలుగు వారాలు ఉన్నారు. పొద్దున స్పానిష్ క్లాసులు, మధ్యాహ్నం నుంచి అక్కడి మూలవాసులైన మాయా వాళ్ళ సంస్కృతి. అంటే వాళ్ళ మొక్కజొన్న పొలాలు చూడటం, రొట్టెలు తట్టడం, కుట్టుపని, నాలుగు ముక్కలు మాయా భాష. ఒక్కొక్కరూ ఒక్కో మాయా కుటుంబంతో ఉన్నారు. దేదీప్య నర్సింగ్ చదువుతోంది. వాలంటీరుగా వెళ్ళే క్లినిక్‌లో సగం మంది రోగులు స్పానిష్ మాట్లాడేవాళ్ళే. నొప్పి ఎక్కడో వాళ్ళు చెబుతుంటే తనకి అర్థం కాక తెల్లమొహం వేయాల్సి వస్తోందని, పట్టుబట్టి మరీ ఈ ప్రోగ్రాములో చేరింది.

చేరుతున్నప్పుడే ఇంట్లో పెద్ద యుద్ధం అయింది. నాన్న కృష్ణమూర్తి వర్క్ వీసా మీద ఉన్నాడు, గ్రీన్ కార్డు క్యూలో పద్నాలుగేళ్ళ నుంచీ ఉన్నాడు. దేదీప్య ఆయన మీద ఆధారపడ్డ డిపెండెంటు. పాస్‌పోర్టులో ఆమె వీసా స్టాంపు ఎప్పుడో ఎక్స్‌పైర్ అయిపోయింది. మెక్సికో వరకే వెళ్ళి ముప్ఫై రోజుల్లోపు తిరిగొస్తే, పాత స్టాంపుతోనే రానిచ్చే రూలు ఒకటుందని లాయరు చెప్పాడు. "షీ షుడ్ బి ఫైన్," అన్నాడు. ఆ వెంటనే, "బట్ ఫైనల్ డెసిషన్ ఆఫీసర్‌ది," అని కూడా అన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే మరి.

ఆ పూజారి వద్దంటే ఏమవుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మెక్సికోకి తిప్పి పంపిస్తారు. అక్కణ్ణుంచి ఇండియా వెళ్ళాలి. కొత్త స్టాంపుకి అపాయింట్‌మెంటు ఎప్పుడు దొరుకుతుందో ఆ పరమాత్ముడికే ఎరుక. ఈలోగా కాలేజీ పోతుంది. దేదీప్యకి గుంటూరులో తెలిసిన సందు ఒక్కటి లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? స్పానిష్ ఇక్కడ నేర్చుకోకూడదా?" అని తల్లి రాధారాణి ఎన్ని విధాల చెప్పాలో అన్ని విధాలా చెప్పింది. తమ్ముడు ఈషాన్ మోరిస్‌విల్‌లో పుట్టాడు కాబట్టి స్కూలు వాళ్ళతో కోస్టారికా వెళ్ళొచ్చాడు. "వాడు వెళ్ళినప్పుడు నువ్వు స్నాక్స్ ప్యాక్ చేశావు. నేను వెళ్తుంటే ఏడుస్తున్నావ్," అంది దేదీప్య. 

వయదోలిద్‌లో దేదీప్య ఉన్నది డోన్యా ఫెలిపా ఇంట్లో. అరవై దాటిన మనిషి. ఇంట్లో ఆమె, ఆమె కుట్టుమిషను, పెరట్లో కొన్ని టర్కీ కోళ్ళు. దేదీప్య పచ్చిమిరపకాయ కొరుక్కుని తింటుంటే చూసి మురిసిపోయి, నువ్వు మా పిల్లవేనని మొదటిరోజే తేల్చేసింది. ఆమె కొడుకు విల్బెర్త్ నార్త్ కరొలైనాలోనే ఉన్నాడు. మోరిస్‌విల్‌కి నలభై నిమిషాల దూరంలో, శాన్‌ఫర్డ్ దగ్గర ట్రెయిలర్లో, అంటే చక్రాల మీద తెచ్చి పెట్టే రేకు ఇంట్లో, కాపురం. ఇళ్ళకి పైకప్పులు వేసే పని చేస్తాడు. పదకొండేళ్ళ క్రితం వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. తండ్రి పోయినప్పుడు కూడా రాలేదు. ఎందుకు రాలేదో ఫెలిపా చెప్పలేదు, దేదీప్య అడగలేదు. కాగితాలు లేనివాడు, వస్తే మళ్ళీ వెళ్ళలేడు. ఆ సంగతి దేదీప్యలాంటి పిల్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

బయల్దేరే ముందురోజు ఫెలిపా ఒక చిన్న తెల్లగౌను తెచ్చి చేతిలో పెట్టింది. ఇపీల్ అంటారు వాళ్ళు. మెడ చుట్టూ, కింద అంచు చుట్టూ రంగురంగుల పువ్వులు కుట్టి ఉన్నాయి. మనవరాలు నయెలీకి. ఆ పిల్లకి ఆరేళ్ళు. పుట్టినప్పట్నుంచీ ఈ నాయనమ్మ దాన్ని ఫోన్‌లో చూడటమే గానీ ఒళ్ళో కూర్చోబెట్టుకున్నది లేదు. గౌనును ప్లాస్టిక్ సంచిలో చుట్టి, "నువ్వు ఫోన్ చెయ్యి, వాడే వచ్చి తీసుకుంటాడు," అంది. సంచి మీద ఏమీ రాయలేదు.

అక్కడే మన పిల్ల మన బుద్ధి చూపించింది. మోరిస్‌విల్‌లో ఎవరైనా ఇండియా వెళ్తున్నారన్నా, అక్కణ్ణుంచి వస్తున్నారన్నా చాలు, ఊరి పార్శిళ్ళన్నీ వాళ్ళ నెత్తినే. ఒకరి గోంగూర పచ్చడి, ఇంకొకరి బీపీ మాత్రలు, మరొకరి పట్టుచీర జాకెట్టు. దానికి రాధారాణి పెట్టిన శాసనాలు రెండున్నాయి. ఒకటి, పార్శిల్ మీద పేరు, ఫోన్ నంబరు, చిరునామా లావుపాటి మార్కరుతో రాసి, తడవకుండా టేపు వెయ్యాలి. పేరు లేని పార్శిల్ అనాథ పిల్లతో సమానం. రెండు, పరాయివాళ్ళ వస్తువు చెక్-ఇన్ పెట్టెలో వేయకూడదు. పెట్టె పోతే మన మాట పోతుంది. దేదీప్య చిన్నప్పుడు ఆ లేబుళ్ళు రాసే పని తనదే. చేతిరాత బాగుంటుందని అందరూ మెచ్చుకునేవాళ్ళు కూడా.

కాబట్టి ఫెలిపా ఫోన్‌లోంచే విల్బెర్త్‌ని అడిగి, ట్రెయిలర్ లాట్ నంబరుతో సహా అంతా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, టేపు వేసి, వీపు సంచిలో పెట్టుకుంది. రాస్తున్నంతసేపూ ఫెలిపా ఆ చేతినే చూస్తూ నిలబడింది. ఏదో అనబోయి మానుకుంది. పిల్ల ఉత్సాహంలో అది పట్టించుకుంటేనా.

అమెరికాలో దిగి విమానం మారాల్సిన ఊళ్ళో, ఈ వరసలో నిలబడ్డాక గానీ దేదీప్యకి ఆ లేబుల్ గుర్తుకు రాలేదు. అదైనా ఒక్క క్షణమే. ఎందుకంటే అప్పటికి ఆమె వంతు వచ్చింది.

కౌంటర్లో మనిషి స్టాంపు చూశాడు, తేదీ చూశాడు, మళ్ళీ ఆమె మొహం చూశాడు. లాయరు ఇచ్చిన కాగితాలు దేదీప్య ముందుకి తోసింది. ఆయన వాటిని చదవను కూడా చదవలేదు. పాస్‌పోర్టు ఒక ఎర్ర ఫోల్డర్లో పెట్టి, "ఆ తలుపులోంచి లోపలికెళ్ళి కూర్చో," అన్నాడు.  గాజు తలుపు అవతల ప్రణవి ఇంకా చెయ్యి ఊపుతూనే ఉంది.

లోపలి గది నిండా కుర్చీలు, కుర్చీల నిండా మనుషులు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. ఫోన్లు వాడకూడదని గోడ మీద రాసి ఉంది. అమ్మకి మెసేజ్ పెట్టే దారి లేదు. దేదీప్య ఎదురుగా ఒకాయన్ని పిలిచారు. ఆయన బల్ల దగ్గర ఏదో చెప్పి, చేతులు జోడించి, చివరికి ఇద్దరు ఆఫీసర్ల మధ్య ఇంకో తలుపులోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు. ఆ తలుపు ఎటు పోతుందోనని దేదీప్య గంటసేపు దాన్నే చూస్తూ కూర్చుంది. నోరు పిడచగట్టుకుపోయింది. గది మూలన మంచినీళ్ళున్నాయి. లేచి వెళ్తే ఏమంటారోనని లేవలేదు. భయం మనిషిని ఎంత దిగజారుస్తుందో చూడండి, నీళ్ళు తాగడానికి కూడా పర్మిషన్ కావాలనిపించింది.

మొత్తానికి పిలిచారు. ఆఫీసరు యాభై ఏళ్ళ మనిషి, గొంతు మెత్తన. అరిచే మనిషైతే బాగుండేదని దేదీప్య తర్వాత చాలాసార్లు అనుకుంది.

"ఈ రూలు కింద నిన్ను రానివ్వాలా వద్దా అన్నది నేను చూసి తేల్చాలి. తెలుసు కదా?"

"తెలుసు."

"నువ్వు నాతో స్ట్రెయిట్‌గా ఉంటే నాకు తేలికవుతుంది."

ఏం చదువుతున్నావు, ఎన్ని రోజులున్నావు, ఎవరింట్లో ఉన్నావు అని వరసగా అడిగాడు. అన్నిటికీ చెప్పింది. 

"వేరేవాళ్ళు ఇచ్చిన వస్తువులేమైనా తెస్తున్నావా?"

మామూలు ప్రశ్నే. అందరినీ అడిగేదే.  లేదంటే సరిపోవచ్చు. కానీ సంచి విప్పితే? ఏం జరిగినా ఆఫీసరుకి అబద్ధం చెప్పకు, ఒక్క అబద్ధం రికార్డయితే జన్మంతా వెంటపడుతుంది అని లాయరు పదేపదే చెప్పాడు.

"ఒక డ్రెస్ ఉంది," అంది.

సంచి బల్ల మీద పెట్టింది. లేబుల్ పైకే ఉంది. ఆఫీసరు దాన్ని తన వైపు తిప్పుకుని చదివాడు. చదవడానికి ఆయనకి ఏ కష్టమూ కలగలేదు.

"ఎవరీ విల్బెర్త్ చాన్?"

"ఫ్యామిలీ ఫ్రెండ్." మోరిస్‌విల్‌లో ఎవరి గురించి ఎవరడిగినా చెప్పే మాటే నోటికొచ్చింది.

"మీ ఫ్యామిలీకా?"

"కాదు. నేను ఉన్న ఇంటావిడ కొడుకు. డ్రెస్ వాళ్ళ పాపకి."

"అక్కడ ఎన్నాళ్ళుగా ఉంటున్నాడు?"

"లెవెన్ ఇయర్స్."

ఆఫీసరు టేపు విప్పకుండానే ప్లాస్టిక్‌లోంచి పువ్వుల్ని చూశాడు. "చాలా బాగుంది. ఇంత చిన్న ప్రయాణానికి అతనే వెళ్ళి తెచ్చుకోవచ్చుగా, వాళ్ళమ్మనీ చూసినట్టుంటుంది."

'ఐ డోంట్ నో.' మూడే ముక్కలు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, ఆ సంగతి ఆమెతో ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. ఆ మూడు ముక్కలూ దేదీప్య నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ ఆయన అరచెయ్యి ఆమె పాస్‌పోర్టు మీద ఉంది. ఇందాకటి మనిషి వెళ్ళిన తలుపు ఆయన భుజం వెనక కనిపిస్తోంది. అమ్మ కనిపించింది, తన గది కనిపించింది, తనకి గుర్తే లేని గుంటూరు కనిపించింది. ఆ పిల్ల భయపడింది, అంతే. ఇంకో మాట పెట్టి చెప్పేదేమీ లేదు.

"అతను వెళ్ళలేడు," అంది. ఆయన ఏమీ అడగలేదు, ఊరికే చూస్తూ కూర్చున్నాడు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక దేదీప్యే మళ్ళీ నోరు విప్పింది. "వాళ్ళ నాన్న చనిపోయినప్పుడు కూడా వెళ్ళలేకపోయాడు."

రెండో మాట ఎవరడిగారమ్మా నిన్ను? ఎవరూ అడగలేదు. భయానికి నోరు లేస్తే అడిగినదీ అడగనిదీ కలిపి వాగుతుంది.

ఆఫీసరు తలూపాడు. ఫోన్ లాంటిదేదో తీసి లేబుల్‌కి ఫోటో తీసుకున్నాడు. కంప్యూటర్లో చాలాసేపు టైపు చేశాడు. తర్వాత పాస్‌పోర్టు మీద స్టాంపు వేసి, డ్రెస్సుతో సహా ఇచ్చేశాడు.

"నిజం చెప్పినందుకు థాంక్స్," అన్నాడు. "వెల్‌కమ్ హోమ్."

దేదీప్య ముందు సంతోషించింది. ఇది దాచకుండా చెప్పుకోవాల్సిన సంగతి. ఆ గదిలోంచి బయటపడి, పెట్టెలు తీసుకునే చోటిదాకా నడిచినంతసేపూ ఆమెకి గాల్లో తేలుతున్నట్టే ఉంది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అమ్మకి ఫోన్ చేసి, "అయిపోయింది అమ్మా, నన్ను రానిచ్చారు," అంది. అవతల రాధారాణి వెక్కివెక్కి ఏడుస్తూ వెంకటేశ్వరస్వామికి ఏవేవో మొక్కేసుకుంది.

మిగిలినవాళ్ళంతా విమానం అందుకుని వెళ్ళిపోయారు. ప్రణవి ఒక్కతే ఆగింది.

"ఏం అడిగారే?"

"ఏం లేదు. నార్మల్ స్టఫ్."

తర్వాతి విమానంలో కిటికీ పక్కన కూర్చుని వీపుసంచి ఒళ్ళో పెట్టుకున్నాక, దేదీప్యకి తను చేసిందేమిటో తెలిసొచ్చింది. ఇంతసేపూ తన గురించి భయం. ఇప్పుడు ఆ భయం తనని వదిలి, పద్నాలుగో నంబరు ట్రెయిలర్ మెట్లెక్కి తలుపు దగ్గర కూర్చుంది. ఫోటో ఊరికే తీసుకున్నాడేమో. దానికోసం ఎవరూ రారేమో. ఎంతమంది చిరునామాలు చూస్తారో వాళ్ళు. అలా అనుకుని కళ్ళు మూసుకుంటే, ఆయన టైపు చేసిన చప్పుడు వినిపించేది. 

మోరిస్‌విల్ పక్కనే ఎయిర్‌పోర్టు. రాధారాణి రెండు గంటల ముందే వచ్చి కాచుకుని ఉంది. కూతుర్ని పట్టుకుని తల నుంచి భుజాల దాకా తడిమి చూసుకుంది. కారులో పులిహోర డబ్బా తెరిచి ఒళ్ళో పెట్టింది. ఇంకా ఎండగానే ఉంది, రోడ్డు మీద ఆఫీసుల నుంచి వచ్చే కార్ల వరస. ఆ తల్లి ఆనందం చూస్తూ నోరు విప్పడం కష్టమే, కానీ దేదీప్య మొత్తం చెప్పింది. ఒక్క ముక్క దాచలేదు.

రాధారాణి కారు పక్క లేనులోకి తప్పించింది.

"నువ్వు అబద్ధం చెప్పలా. నిజం చెప్పావు. నిజం చెబితే తప్పెట్లా అవుతుందే?"

"అమ్మా, నేను వాళ్ళ అడ్రస్ ఇచ్చేశాను."

"అడిగాడు, ఇచ్చావు. నీ ప్లేస్‌లో ఎవరున్నా ఇస్తారు."

"నేను విల్బెర్త్‌కి కాల్ చెయ్యాలి. ఇప్పుడే."

"వద్దు." అంది రాధారాణి. "నీ ఫోన్ నుంచి వద్దు దీపూ. రికార్డ్ ఉంటది. అక్టోబర్‌కి నీకు ట్వెంటీ వన్ నిండుతాయి, డిపెండెంటుగా ఉండటం కుదరదు, స్టూడెంట్ వీసాకి మార్చుకోవాలి. ఆ టైంలో ఎవరికి కాల్ చేశావు, ఎందుకు చేశావు అని అడిగితే ఏం చెబుతావు? వాళ్ళెవరో మనకి తెలియను కూడా తెలియదు."

"వాళ్ళమ్మ నాకు ఫోర్ వీక్స్ అన్నం పెట్టింది."

రాధారాణి రెండు సిగ్నళ్ళు దాటాక కారు ఒక బ్యాంకు పార్కింగ్ లాట్‌లోకి తిప్పి ఆపింది. కళ్ళు తుడుచుకుంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి తన ఫోన్ తీసి కూతురి ముందు పెట్టింది.

"దీన్నుంచి చెయ్యి. ఎవరైనా అడిగితే నేనే చేశానని చెబుతాను. నాకు స్పానిష్ రాదు కాబట్టి రాంగ్ నంబర్ అంటాను," అంది. తల్లి ఎంత భయస్తురాలో దేదీప్యకి తెలుసు. అందుకే ఆ ఫోన్ అందుకోవడానికి చెయ్యి రాలేదు.

లేబుల్ మీది నంబరు చూసి నొక్కింది. రెండో రింగుకే తీశాడు. వెనక టీవీ, ఎవరో పిల్ల నవ్వు వినిపించాయి. దేదీప్య పేరు చెప్పగానే విల్బెర్త్ గొంతు వెలిగిపోయింది. పొద్దుట్నుంచి మా అమ్మ నాలుగుసార్లు ఫోన్ చేసింది, అమ్మాయి చేరిందా అని ఒకటే గోల అన్నాడు. శనివారం మీ ఇంటికి నేనే వస్తాను, లేదా నువ్వే వచ్చి మాతో భోంచెయ్యి అన్నాడు.

నాలుగు వారాల్లో దేదీప్య నేర్చుకున్న స్పానిష్ బజారుకి సరిపోతుంది, క్లినిక్‌కి సరిపోతుంది. దీనికి సరిపోలేదు. ఎయిర్‌పోర్టు అంది. ఆఫీసరు అంది. సంచి మీద మీ పేరు, మీ ఇల్లు రాసి ఉంది అంది. మీరెందుకు వెళ్ళరని ఆఫీసరు అడిగాడు, వెళ్ళలేరని చెప్పాను, ఫోటో తీసుకున్నాడు, భయపడ్డాను, క్షమించండి అంది. ఆ చివరి మాట మూడుసార్లు అంది.

అవతల టీవీ ఆగిపోయింది. అతను తిడతాడని ఎదురుచూసింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది.

"నువ్వు ఇల్లు చేరావా?" అన్నాడు విల్బెర్త్. "నిన్ను రానిచ్చారు కదా?"

"రానిచ్చారు."

"మంచిది. మా అమ్మకి చెబుతాను, నువ్వు చేరావని. మిగతాది చెప్పను. నువ్వూ చెప్పకు."

ఫోన్‌ని చేత్తో మూసి ఎవరితోనో మాట్లాడాడు. ఆడమనిషి గొంతు ఒకసారి పైకి లేచి ఆగింది. సొరుగులు లాగుతున్న చప్పుడు. ఆ సందట్లో చిన్నపిల్ల అడగడం దేదీప్యకి స్పష్టంగా వినిపించింది, ఆ మాటలన్నీ ఆమెకి వచ్చినవే. నా డ్రెస్సు తెచ్చిందా అని అడుగుతోంది. బూట్లు వేసుకో తల్లీ అన్నాడు తండ్రి.

మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. "ఈ నంబరు రేపట్నుంచి ఉండదు. చెరిపెయ్యి."

"ఎక్కడికి..." అని అడగబోయి దేదీప్య ఆగిపోయింది. తెలిస్తే, రేపు ఎవరైనా మెత్తగా అడిగితే, తను చెప్పేస్తుంది.